పటిక తడి

చెంగల్రాయులు గారిని ప్రశ్న అడిగి వెంటనే జవాబు పొందినవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఆయనకదొక అలవాటు. అడిగినదంతా ఓపిగ్గా విని, చేతిలోని వెదురు కలం మొనను ఒకసారి తడిమి, "కానీలే, చూద్దాం" అనేవారు. ఆ తర్వాత రెండు రోజులకో నెలకో ఏదో ఒక చిన్న సంగతి జరిగేది. అప్పుడు మావైపు తిరిగి ఒక్క ముక్క చెప్పేవారు. అదే జవాబు. ఆ సంగతి దానంతటది జరిగిందో, ఆయనే జరిపించారో మాకెప్పుడూ తేలేది కాదు. అందువల్ల ఆ ఇంట్లో కుండ పగిలినా, పిల్లి పాలు తాగిపోయినా అందులో మాకోసం పాఠమేదో దాచి ఉంచారనుకుని నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళం. గురువు దగ్గర చేరినవాళ్ళకు పట్టే మొదటి జబ్బు ఇది. దానివల్ల మేమెంత పొరపాటు చేశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన కలంకారీ పనివారు. స్వర్ణముఖి ఒడ్డున పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పెద్ద పెరడు. వసారాలో మేము అయిదారుగురం బొమ్మలు రాసేవాళ్ళం. పెరట్లో రాళ్ళపొయ్యి మీద రాగి గంగాళం ఉండేది. దాని దగ్గర ఆయన భార్య సుబ్బరత్నమ్మ కూర్చునేది. రాయడం ఆయన పని, ఎరుపు తేవడం ఆమె పని. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో పని అలాగే జరుగుతోంది.

ఎరుపు సంగతి కొంచెం చెప్పాలి. కలంకారీలో ఎర్రరంగును కలంతో పూయరు. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు పూస్తారు. పటిక నీళ్ళకు రంగు లేదు. గుడ్డ ఆరాక ఏట్లో జాడించి, మంజిష్ఠ వేరు వేసిన గంగాళంలో ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. తగలని చోట పట్టుకోదు. అంటే రాసేటప్పుడు కనబడని దాన్ని రాయాలి. తప్పు జరిగిందో లేదో గుడ్డ ఉడికాకే తెలుస్తుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

అందుకని చెంగల్రాయులు గారు మాకు అన్నిటికంటే ముందు నేర్పింది వంగడం. పటిక పూసిన గుడ్డను నిలబడి చూస్తే ఏమీ తెలియదు. కూర్చుని చూసినా తెలియదు. చెంప గుడ్డకు ఆనేంతగా వంగి, వెలుతురుకు ఎదురుగా అడ్డంగా చూస్తే, తడి ఉన్న చోట సన్నని మెరుపొకటి కనబడుతుంది. పొద్దున్నే ఎండ వసారాలోకి ఏటవాలుగా పడేవేళ మేమందరం వరుసగా వంగి ఉంటే, వీధిలో పోయేవాళ్ళు ఇక్కడేదో కొత్త రకం పూజ జరుగుతోందనుకునేవాళ్ళు.

ఆ ఏడు మాలో వకుళ అనే ఆవిడ ఉండేది. వాయల్పాడులో బడిపిల్లలకు డ్రాయింగు చెప్పే టీచరు. ముప్పై దాటిన మనిషి, ఏడాది సెలవు పెట్టి నేర్చుకోవడానికొచ్చింది. చేయి చాలా మంచిది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మూడు నెలలు పట్టిందంటే ఎంత మంచిదో అర్థం చేసుకోండి. అటువంటి మనిషి ఒకరోజు తన మొదటి గుడ్డను గంగాళంలోంచి తీయించుకుని చూస్తే, చిలకకు ముక్కు లేదు. ఒళ్ళంతా పొందిగ్గా ఉంది, ముక్కున్న చోట మాత్రం గుడ్డ తెల్లగా ఉండిపోయింది. అక్కడ పటిక తగల్లేదు. తగిలిందనుకుంది.

మేము నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆ గుడ్డ పట్టుకుని నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

"పదేళ్ళుగా పిల్లలకు చూసి గీయండి, చూసి గీయండి అని చెబుతున్నాను గురువుగారూ. నాకే చూడడం రాదని ఇవాళ తెలిసింది. అసలు చూడడమంటే ఏమిటి? కళ్ళుంటే చాలదా?"

ఆయన కలం మొన తడిమారు. "కానీలే, చూద్దాం" అన్నారు.

ఇక సుబ్బరత్నమ్మ గారి సంగతి. ఆమె మాటకారి కాదు. పొయ్యి ముందు పీట వేసుకుని, గుడ్డను కర్రతో తిప్పుతూ, పొగకు కళ్ళు ఒత్తుకుంటూ కూర్చునేది. కాని గుడ్డ ఉడుకుతున్నప్పుడు మాలో ఎవరు దగ్గరికి వెళ్ళినా ఒక మాట అడిగేది. "ఏం పాపా, ఎట్లుండాది ఎరుపు?" అనో, "ఏం నాయనా, దానిమ్మ గింజ మాదిరి ఉండాదా, ఇంకా లేతగా ఉండాదా?" అనో. ఆ ప్రశ్నంటే మాకు హడలు. నలభై ఏళ్ళు ఎరుపు చూసిన మనిషి మనల్ని ఎరుపు గురించి అడుగుతోందంటే అది పరీక్ష కాక ఏమిటి! సరిగ్గా చెబితే, "అట్లనా, సరే" అని గుడ్డ తీసేసేది. నేనొకసారి "మందార రంగుకొచ్చిందమ్మా, తీసేయొచ్చు" అన్నాను. ఆమె తలూపి తీసేసింది. పరీక్ష నెగ్గానని వారం రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిలక ముక్కు పోయిన తర్వాత నాలుగు రోజులకు గురువుగారి పెద్దగుడ్డ గంగాళంలోకి వెళ్ళింది. గౌరీ కల్యాణం. మూడు నెలల పని. ఏనుగుల బారు, మేళగాళ్ళు, ముత్తయిదువలు, నడుమ పెళ్ళిపీట మీద తల వంచుకున్న గౌరి. ఆమె చీరలో ఒక్కొక్క మడతకూ ఆయన రెండుసార్లు పటిక పూసి, ప్రతిసారీ వంగి చూశారు. వయసు డెబ్బైకి దగ్గరపడింది, ఇంత పెద్ద గుడ్డ మళ్ళీ రాయలేనేమో అని ఆయనే అన్నారు. గుడ్డను గంగాళంలో వేసి, మిగతా గుడ్డలు జాడించడానికి మమ్మల్ని వెంటబెట్టుకుని ఏటికి వెళ్ళారు. పొయ్యిలో కట్టెలు ఎగదోయడానికి వకుళ ఒక్కతే ఉండిపోయింది.

తర్వాత జరిగింది వకుళ చెప్పగా విన్నదే. నీళ్ళు సలసల కాగుతున్నాయి. గౌరి చీర ముందు గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే ఎర్రబడింది. ఎంత మంచి ఎరుపంటే, వకుళకు ఒళ్ళు పులకరించింది. ఇదే సమయం, ఇప్పుడే తీయాలి అని ఆమెకు తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే సుబ్బరత్నమ్మ అడిగింది.

"ఏం పాపా, ఎట్లుండాది ఎరుపు?"

వకుళకు చిలక ముక్కు గుర్తొచ్చింది. గురువుగారు అన్న 'చూద్దాం' కూడా గుర్తొచ్చింది. ఓహో, నా ప్రశ్నకు జవాబు ఈ అమ్మచేత చెప్పిస్తున్నారు కాబోలు, ఇక్కడ తెలిసినదానిలా మాట్లాడకూడదు అనుకుంది. అణకువగా, "మీకు తెలియనిదా అమ్మా! మీరు చెబితే నేర్చుకుంటాను" అంది.

సుబ్బరత్నమ్మ కర్రతో గుడ్డను ఇంకోసారి తిప్పింది. తర్వాత, "అయితే ఇంకొంచెంసేపు ఉండనీ" అంది. చీర రంగు చిక్కబడసాగింది. ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి. "చెప్పు పాపా, దించేద్దామా?" ఎరుపు దాటిపోతోందని వకుళకు తెలుస్తూనే ఉంది. అయినా పెద్దావిడకు నేను చెప్పడమా అని, "మీ ఇష్టం అమ్మా" అంది. చివరికి గుడ్డ పైకి తీసేసరికి గౌరి చీర ఎండిన వక్క రంగులో ఉంది. ఏనుగుల మధ్య తెల్లగా ఉండాల్సిన చోటంతా చాయ దిగి మురికి పట్టినట్టయింది.

మేము ఏటినుంచి వచ్చేసరికి గుడ్డ దండెం మీద ఉంది. గురువుగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ గొంతెత్తేవారు కాదు, అప్పుడూ ఎత్తలేదు.

"నలభై ఏండ్లలో నీ చేతిలో ఇట్ల ఎప్పుడూ కాలేదే రత్నా."

"నాదే తప్పయ్యా" అంది ఆమె. "మతి యాడనో ఉండింది."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు. వేరు నలిపి చూశారు, పటిక నాలుకకు తగిలించి చూశారు, ఏటినీళ్ళు చెంబుతో తెప్పించి ఎండలో పెట్టి చూశారు. దేనిలోనూ లోపం కనబడలేదు. సాయంత్రం గంగాళం తోముతున్న భార్య దగ్గరికి వచ్చి మెల్లగా, "వయసైపోయింది నీకు. ఇన్నాళ్ళు చేసింది చాలు. సోమవారం నుంచి పొయ్యి కాడ ఇంకొకరు కూర్చుంటారు, నువ్వు ఇంట్లో ఉండు" అన్నారు. ఆయన దయతోనే అన్నారు. ఆమె తోమిన గంగాళాన్నే మళ్ళీ మొదటినుంచీ తోమసాగింది. అది చూసి నా ప్రాణం చివుక్కుమంది. అయినా ఎందుకు మళ్ళీ తోముతోందని అడగాలని మాత్రం తోచలేదు.

మేమేం చేశామో కూడా చెప్పాలి. వసారాలో కూర్చుని ఇది వకుళ ప్రశ్నకు జవాబేనని తేల్చేశాం. తన మూడు నెలల పనిని తానే పాడు చేయించి, మమకారం ఉంటే చూపు నిలవదని గురువుగారు చెబుతున్నారని ఒకరన్నారు. ఎరుపూ నలుపూ ఒకటేనని చెబుతున్నారని ఇంకొకరన్నారు. ఆ రెండోవాణ్ణి నేనే. వకుళ మాత్రం తల వంచుకుని తన కలం కడుక్కుంటోంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పెరటివైపు వెళ్ళింది. సుబ్బరత్నమ్మ వెనక గుమ్మం పై మెట్టు మీద తూర్పుకు తిరిగి కూర్చుని, చేటలోని మంజిష్ఠ వేళ్ళను చేతులతో తడిమి మట్టి దులుపుతోంది. వకుళ కింది మెట్టు మీద ఆమె మోకాలి పక్కన కూర్చుంది.

"అమ్మా, తప్పు నాది. ఎరుపు సరిగ్గా ఉన్నప్పుడే నాకు తెలిసింది. మీరు పరీక్ష పెడుతున్నారనుకుని చెప్పలేదు."

"పరీక్షా?" ఆమె చేతులు ఆగిపోయాయి. "నేనేం పరీక్ష పెడతానే తల్లీ? కనపడక అడిగినా."

వకుళ తలెత్తి చూసింది. కిందినుంచి, పక్కనుంచి, అప్పుడే ఎక్కుతున్న ఎండకు ఎదురుగా చూసింది. రోజూ నిలబడి మాట్లాడేటప్పుడు నల్లగా, మామూలుగా కనిపించే ఆ కళ్ళలో తెల్లని పొర సన్నగా మెరిసింది, ఆరని పటిక తడిలాగా. రెండు కళ్ళలోనూ ఉంది.

రెండేళ్ళయిందట. మొదట పొగ అనుకుందట. గుడ్డ మీద బొమ్మలు మసకబారాయి, తర్వాత ఎరుపుకూ నలుపుకూ తేడా పోయింది. అప్పటినుంచి మమ్మల్ని అడుగుతోంది. మేము చెబుతున్నాం. మా కళ్ళతోనే రెండేళ్ళు ఆ ఇంటి ఎరుపు నిలబెట్టింది. మేమేమో మార్కులు లెక్క వేసుకుంటున్నాం.

"ఆయప్పకు చెప్పొద్దు పాపా" అని ఆమె వకుళ చేయి పట్టుకుంది. "కండ్లు కనపడవని తెలిస్తే ఇంక పొయ్యి కాడికి రానీడు. ఇప్పుడు వయసైపోయింది పొమ్మంటా ఉండాడు, అది నయం. ఏదో ఒకటి చెప్పి మళ్ళా వచ్చి కూర్చుంటా. ఆయన రాసిందాన్ని నేను ఎర్రగా చేస్తేనే కదా నాకు ఈ ఇంట్లో పని. కడమ వంటా వార్పూ ఎవరైనా చేస్తారు."

"నోటితో చెప్పనమ్మా" అంది వకుళ. ఆ మాట తప్పలేదు కూడా.

లేచి వసారాలోకి వచ్చింది. గురువుగారు గోడకు చేరగిలబడి ఊరికే కూర్చుని ఉన్నారు. కలం పట్టకుండా ఆయన్ని ఆ వేళప్పుడు చూడడం మాకదే మొదలు.

"గురువుగారూ, ఒకచోట తేడా కనిపిస్తోంది. మీరొచ్చి చూడాలి. ఎండ ఎక్కితే తెలియదు."

పటిక అనుకున్నారు. పటిక అంటే ఆయన ఆలస్యం చేయరు. పైపంచ సర్దుకుంటూ వచ్చారు. నేను బావి దగ్గర నీళ్ళు తోడుతున్నాను, అంతా కళ్ళారా చూశాను. మెట్ల దగ్గరికి వచ్చి, "గుడ్డ ఏదమ్మా?" అన్నారు.

వకుళ కింది మెట్టు చూపించింది. "ఇక్కడ కూర్చుని, వంగి, అడ్డంగా చూడండి. మీరు చెప్పినట్టే."

ఆయన ఒకసారి ఆవిణ్ణి చూశారు, ఒకసారి భార్యను చూశారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని కింది మెట్టు మీద కూర్చుని, తల వంచి, చెంప ఆమె చెంపకు దాదాపు ఆనేదాకా తెచ్చారు. సుబ్బరత్నమ్మకు మొదట విషయం తెలియలేదు. మనిషి దగ్గరికి వచ్చాడని మాత్రం తెలిసి గాభరా పడిపోయింది.

"ఏందయ్యా ఇది, పిలకాయల ముందర! గడ్డం గుచ్చుకుంటా ఉండాది."

ఆయన కదల్లేదు. మాకు పాఠం చెప్పేటప్పుడు కూడా అంతసేపు వంగి ఉండగా నేను చూడలేదు.

"రెండు కండ్లూనా రత్నా?" అన్నారు చివరికి.

ఆమెకప్పుడు అర్థమైంది. పారిపోవడానికి చోటు లేనట్టు చేటను ఒళ్ళోకి లాక్కుంది. "ఊ" అంది.

"ఎన్నాళ్ళు?"

"రెండేండ్లు."

ఆయన ఆమె ఒళ్ళోని చేట తీసి పక్కన పెట్టి, మట్టి అంటిన ఆ రెండు చేతులూ తీసి తన కళ్ళ మీద పెట్టుకున్నారు. ఆయన ఏడుస్తారని మేమెప్పుడూ అనుకోలేదు. నేను చేద బావిలోకి వదిలేసి ఇవతలికి వచ్చేశాను.

ఆ సోమవారం పొయ్యి వెలగలేదు. ఆయనే ఆమెను తిరుపతి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు శుక్లాలే, తీసేస్తే చూపొస్తుంది, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు అన్నాడట. నెలన్నర తేడాతో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. మొదటి కంటికి కట్టు విప్పిన మర్నాడు ఇంటికి తీసుకొచ్చారు. మేమందరం గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఆమె నల్లద్దాలు మెల్లగా తీసి, అన్నిటికంటే ముందు పక్కనున్న మొగుణ్ణి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఇంత ముసిలోడివి ఎప్పుడయినావు?"

మేము పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయనా నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా ఆయన నెరిసిన కనుబొమను బొటనవేలితో ఒకసారి రాసి చూసి, ఆ తర్వాత లోపలికి నడిచింది.

లోపల గోడ మీద, దేవుడి పటాల పక్కన, వక్క రంగు చీరలో గౌరి ఉంది. గురువుగారే తగిలించారు. కల్యాణం గుడ్డ కావాలన్నవాళ్ళకు ఇంకొకటి రాసిస్తానని కబురు పెట్టి, దీన్ని ఇంట్లో ఉంచేసుకున్నారు.

"ఇదేనా నేను చెడగొట్టింది?" అంది సుబ్బరత్నమ్మ. దగ్గరికి వెళ్ళి చూసి, బాధతో చెంపలు వేసుకుంది. "అయ్యో, ఇంత నల్లగానా! తీసి పారెయ్యకుండా ఎదురుగ్గా ఎందుకు పెట్టినావయ్యా?"

"నువ్వు చెడగొట్టింది కాదు. ఉండనీ" అన్నారాయన.

రెండు నెలలకు ఆమె మళ్ళీ పొయ్యి ముందు పీట వేసుకుంది. చూపు వచ్చినా అలవాటు పోలేదు, ఎవరు వెళ్ళినా "ఎట్లుండాది ఎరుపు?" అని అడిగేది. మేమిప్పుడు అణకువ చూపించడం మానేశాం. తోచింది తోచినట్టు గట్టిగా చెప్పేవాళ్ళం. "నీ మొహం, ఇంకా లేతగా ఉండాది" అని తిట్టి గుడ్డను ఇంకొంచెంసేపు ఉడికించేది. ఆ తిట్లు తినడం కోసమే నేను పనిలేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

వకుళ సెలవు అయిపోయింది. వెళ్ళేరోజు కొత్త చిలకను రాసి తెచ్చి గురువుగారి ముందు పెట్టింది. ముక్కు కుంకుమలా ఎర్రగా ఉంది. పాదాలకు నమస్కారం చేసి లేచి, కొంచెం సంకోచిస్తూ అడిగింది.

"గురువుగారూ, అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. మీరు చూద్దామన్నారు. ఆ తర్వాత ఇదంతా జరిగింది. ఇది జవాబేనా? మీరు జరిపించిందేనా?"

మేమందరం చేతిలో పనులు ఆపేశాం. పెరట్లోంచి మంజిష్ఠ ఉడికిన వాసన వస్తోంది. ఆయన కలం మొన తడమలేదు, చూద్దామనీ అనలేదు. గుమ్మంలోంచి లోపలి గోడ మీది గౌరిని చూస్తూ అన్నారు.

"వంగి చూడమని మీకందరికీ చెప్పినోణ్ణి నేనే కదమ్మా. గుడ్డ కాడ తప్ప నేను యాడా వంగలేదు."